కుటుంబ పెద్ద గడిలో ఉన్న నంబరు

మీ కోడలు ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే మా అత్త ఒకే మాట చెబుతుంది: "పొద్దన కూచుంటాది, మాపుకు లేస్తాది." అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి నేనెప్పుడూ కాదనలేదు. బేతంచెర్లలో మా ఇంటి ముందుగదిలో, నాపబండల మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కర్నూలులో ఉన్న ఒక చిన్న కంపెనీకి పని చేస్తాను. ఆ కంపెనీ రక్తపరీక్షలు చేసే ల్యాబులకు సాఫ్ట్‌వేరు ఇస్తుంది. మా ఊరి ల్యాబు మొదలుకొని రాజంపేట దాకా చిన్నచిన్న ల్యాబులు చాలా మాదే వాడతాయి. కౌంటరు దగ్గర పేరు, వయసు, ఫోను నంబరు ఎక్కిస్తారు. రిపోర్టు తయారు కాగానే ఆ నంబరుకు మెసేజి పోతుంది. ఇదంతా నడిపే సర్వర్లు మా దగ్గర లేవు. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్నాం. వాటి మంచిచెడ్డలు చూసుకోవడం నా పని. బండల లారీ పోయినప్పుడల్లా లేచి కిటికీ మూసి, మీటింగులో "సారీ సార్, లారీ" అనడం కూడా నా పనిలో భాగమే.

సర్వరులో ఏదన్నా చెడితే లాగులు చూస్తామని చెబితే, అవేమిటని మా అత్త ఒకసారి అడిగింది. నాకు ఆమెకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. మా అత్త వంట చేస్తూ తనలో తాను చెప్పుకుంటూ పోతుంది. పాలు పెట్టినా, పొంగినాయి, దించినా, ఉప్పేసినానా, ఏసినా. ఎవరూ వినకపోయినా సరే, పొయ్యి దగ్గర నిలబడినంతసేపూ ఆ నోరు ఆగదు. సర్వరు కూడా అంతే. ఫలానా మనిషి పేరు ఎక్కించాను, ఫలానా పరీక్ష అయింది, రిపోర్టు పంపాను అని గొణుక్కుంటూనే ఉంటుంది. ఆ గొణుగుడే లాగు. కూరలో ఉప్పు ఎక్కువైందంటే మా అత్త ఏమేమి గొణిగిందో గుర్తు చేసుకుంటే రెండుసార్లు వేసిందని తెలుస్తుంది కదా, అట్లా. ఈ మాట విని మా అత్త "అయితే నేను ఊరికే వాగతాండానంటావు" అని మొహం ముడుచుకుంది. కొన్నాళ్ళు నాతో ముక్తసరిగా మాట్లాడింది గానీ పొయ్యితో మాట్లాడడం మానలేదు.

ఒకసారి మైదుకూరు ల్యాబు నుంచి ఫిర్యాదు వచ్చింది. అక్కడొక కిరాణా కొట్టాయనకు చక్కెర ఎక్కువ ఉందని మెసేజి వచ్చిందట. ఆయన పరీక్షే చేయించుకోలేదు. అయినా పేరు పెట్టి మరీ ఫోనులో వచ్చిందంటే ఏదో ఉండకపోదని భయపడి, అన్నం మానేసి, ఒక పూట సంగటి, ఒక పూట మజ్జిగతో కాలం గడిపాడు. సొంత కొట్లో బెల్లం గంప వైపు చూడకుండా ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. చివరికి ఎందుకైనా మంచిదని నిజంగానే పరీక్ష చేయించుకుంటే చక్కెరా లేదు, ఏమీ లేదు. అప్పుడు వచ్చింది ఆయనకు కోపం. ఆ మెసేజి వెనక వీధిలో ఉండే ఇంకొకాయనదట. ఇద్దరికీ ఒకే దేవుడి పేరు. మా సార్ కడప మనిషి, ఎంత కోపంలోనైనా "అమ్మా" అనకుండా మాట మొదలుపెట్టడు. ఆయన నాకు ఫోను చేసి, కిరాణా ఆసామి తిట్టిన తిట్లలో ఆడపిల్లకు చెప్పదగినవి ఏరి చెప్పి, ఇది ఎట్లా జరిగిందో చూడమన్నాడు.

నేను చూశాను. వెనక వీధి ఆయనకు పోవాల్సిన మెసేజి ఆయనకూ పోయింది. అదే సంగతి ఇంకో దారిలో కిరాణా కొట్టుకూ పోయింది. ఆ రెండో దారి ఎక్కడిదా అని వెతికితే లాగుల దగ్గర తేలింది. మేము అంతకుముందు మెసేజిలు పంపడానికి వేరే కంపెనీని పెట్టుకున్నాం. ఆ రోజుల్లో మా సర్వరు లాగులో "రిపోర్టు తయారు" అనే మాట పడగానే, పేరూ ఫలితమూ నంబర్లతో సహా ఆ వాక్యం కాపీ ఒకటి ఆ కంపెనీకి పోయేటట్టు ఏర్పాటు చేశారు. వాళ్ళు దాన్ని చూసి మెసేజి పంపేవాళ్ళు. తర్వాత కంపెనీని మార్చాం, మెసేజిలు కొత్తవాళ్ళే పంపుతున్నారు, కానీ పాత ఏర్పాటును ఎవరూ తీసేయలేదు. మా నాన్న కాలువ కింద వరి పెట్టినప్పుడు, ఒక మడి తడవగానే పారతో మట్టి వేసి ఆ మడవ కట్టేసి, తర్వాతి మడికి తెరిచేవాడు. మావాళ్ళు కొత్త మడవ తెరిచారు, పాతది కట్టలేదు. నీళ్ళు రెండు వైపులా పారుతున్నాయి.

పైగా ఆ పాత కంపెనీ మెసేజి పంపేది పరీక్ష చేయించుకున్న మనిషికి కాదు. మా సాఫ్ట్‌వేరులో "కుటుంబ పెద్ద" అని ఒక గడి ఉంది. ఇంట్లో అందరికీ ఫోన్లు ఉండవని, ఇంటికొక నంబరు రాసుకోవడానికి మొదట్లో పెట్టారు. ఇప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. పాత కంపెనీ మాత్రం భక్తిగా ఆ నంబరుకే పంపుతూ ఉంది. వెనక వీధి ఆయన ఎప్పుడో తనకు ఫోను లేని రోజుల్లో కిరాణా కొట్టు నంబరు ఇచ్చి ఉంటాడు. అట్లా ఆయన కుటుంబానికి కొట్టాయన పెద్ద అయిపోయాడు.

క్లౌడ్ పేజీలోకి పోయి లాగులను బయటికి పంపే ఆ ఏర్పాటును తీసేశాను. ఒక మీట నొక్కితే అయిపోయే పని. సార్ "భేష్ అమ్మా" అన్నాడు. తర్వాత ఒక పొద్దున ఊరికే చూద్దునా, అది మళ్ళీ అక్కడే ఉంది. నేను తీసేయలేదేమోనని నన్ను నేనే అనుమానించుకుని మళ్ళీ తీసేశాను. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. మా కంపెనీలో నాతోపాటు క్లౌడ్‌లో చేయి పెట్టగలిగిన వాడు ఇంకొకడే, కడపలో కూర్చుని పని చేసే పిల్లాడు. నువ్వేమైనా కెలుకుతున్నావా అని అడిగాను. వాడు నొచ్చుకున్నాడు. అమ్మతోడని ఒట్టు పెట్టాడు. పాస్‌వర్డులన్నీ మార్చాను. అయినా అది వచ్చింది.

ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే నాకు నెల తప్పింది.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. అంతకుముందు రెండుసార్లు నాకు కడుపు నిలిచి, నిలిచినట్టే నిలిచి పోయింది. రెండుసార్లూ మా అత్త సంతోషం పట్టలేక ముందే వీధంతా చెప్పేసింది. ఆమె తప్పేమీ లేదు, ఆమెకు ఉన్నది ఒక్క కొడుకు. కానీ పోయినప్పుడు ఆ వీధంతా మా ఇంటికి వచ్చింది. వచ్చినవాళ్ళందరూ మంచివాళ్ళే. ఒకామె నా తల నిమిరింది, ఒకామె తన చెల్లెలికి కూడా ఇట్లే అయిందని చెప్పింది, ఒకామె ఏదో వేరు నూరి తెచ్చింది. పోగొట్టుకున్న బాధ ఒక ఎత్తు, ఆ ఓదార్పు ఒక ఎత్తు. నాకు ఏడవడానికి కూడా సందు దొరకలేదు, వచ్చినవాళ్ళకు నేనే ధైర్యం చెప్పి పంపాల్సి వచ్చింది. అందుకే ఈసారి మూడో నెల నిండేదాకా ఒక్క మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. ఆయన చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. మళ్ళీ పోతే పోనీ, ఈసారి నా పాటికి నేను ఏడుస్తాను అనుకున్నాను.

మా ఊరి ల్యాబులో రక్తం ఇచ్చినప్పుడు నా సొంత ఫోను నంబరే రాయించాను. రిపోర్టు నాకే వచ్చింది. కడుపుతో ఉన్నానని చెప్పింది. నేను ఆ మెసేజిని పదేపదే చదువుకుని, ఫోను బోర్లా పెట్టి, కిటికీ మూసి పని చేసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే సార్ ఒక మాట అడిగాడు. ఇన్నాళ్ళూ ఈ పాత దారిలో ఎవరి సంగతులు ఎవరికి పోయాయో మనకు తెలియాలి కదమ్మా, ల్యాబులవాళ్ళకు చెప్పుకోవాలి కదా అని. న్యాయమైన మాట. పోయిన లాగులన్నీ తెరిచి, ఏ నంబరుకు ఎక్కువ పోయాయో చూడడం మొదలుపెట్టాను. మామూలుగా ఒక కుటుంబ పెద్దకు నలుగురైదుగురి రిపోర్టులు పోతాయి. కానీ ఒక నంబరు దగ్గర నా చేయి ఆగిపోయింది. ఆ కుటుంబం అంతు లేకుండా ఉంది. అందులో శెట్లు ఉన్నారు, సాయిబులు ఉన్నారు, రెడ్లు ఉన్నారు, చర్చికి పోయేవాళ్ళు ఉన్నారు. ఇంతమందికి ఒకే పెద్ద ఎవరబ్బా అని నవ్వొచ్చింది. తర్వాత పేర్లు చదివితే అన్నీ తెలిసిన పేర్లు. అందరూ మా వీధివాళ్ళు. నంబరు మళ్ళీ చూశాను. అది నా ఫోనులోనూ ఉన్న నంబరే. మా వీధి చివర మిషను కుట్టే చిన్నత్తది.

జాబితా అడుగున, ఆ పొద్దున పోయినవాటిలో, నా పేరూ ఉంది.

చిన్నత్త మాకు చుట్టం కాదు. ఆమెది సాయిబుల ఇల్లు. మా అత్తకూ ఆమెకూ అక్కాచెల్లెళ్ళ వరస, కాబట్టి మా ఆయనకు చిన్నమ్మ, నాకు చిన్నత్త. మా వీధిలో వరసలు కులమూ మతమూ అడగవు. వయసు చూసి పడిపోతాయంతే. ఆమె భర్త పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కోస్తాడు. ఆమె వీధిలో ఆడవాళ్ళందరికీ రైకలు కుడుతుంది. ఇంటి ముందు వసారాలో మిషను, మిషను చుట్టూ ఎప్పుడూ నలుగురు ఆడవాళ్ళు. మా అత్తకు మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ వసారాలో కూర్చోకపోతే తిన్నది అరగదు.

ఆమె నంబరు అందరికీ ఎట్లా అంటుకుందో నాకు అప్పుడే అర్థమైంది. మా వీధిలో మగవాళ్ళు గనులకో ఫ్యాక్టరీకో పోయేటప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ జేబులో వేసుకుని పోయేవాళ్ళు. రైకల మోడళ్ళు చూడడానికని చిన్నత్త మాత్రం అందరికంటే ముందు మంచి ఫోను కొనుక్కుంది. ఆమె పగలంతా ఇంట్లోనే ఉంటుంది. అందుకని కరోనా పరీక్షల నుంచీ ఎవరు ఏ పరీక్షకు పోయినా ఆమె నంబరే ఇచ్చేవాళ్ళు. ల్యాబు కౌంటరులో కూర్చునే పెద్దమనిషికి అది నోటికొచ్చేసింది. ఫలానా వీధి అని చెప్పగానే అడగకుండానే కుటుంబ పెద్ద గడిలో ఆ నంబరు కొట్టేస్తాడు. ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లు ఉన్నా ఆయన వేళ్ళకు అలవాటు పోలేదు.

మా అత్త అప్పుడు ఇంట్లో లేదు. ఎక్కడుందో వేరే చెప్పాలా? ల్యాప్‌టాప్ మూసి, చెప్పులు వేసుకుని వీధి చివరకు పోయాను. ఆ కాస్త దూరంలో నేను మొక్కని దేవుడు లేడు. ఆమె చూడకుండా ఉంటే చాలు, చూసినా పేరు గుర్తుపట్టకుండా ఉంటే చాలు, గుర్తుపట్టినా మా అత్తకు చెప్పకుండా ఉంటే చాలు అనుకుంటూ పోయాను.

వసారాలో మా అత్త గోడకానుకుని కూర్చుని ఎవరి పెళ్ళి గురించో చెబుతోంది. నన్ను చూసి, పని మధ్యలో లేచి వచ్చినందుకు ఆశ్చర్యపోయింది. చిన్నత్త మిషను ఆపింది. నా ముఖం చూసింది. మెడలో ఉన్న టేపు సర్దుకుంటూ, "రా పాపా, కొలతలు తీయాల, లోపలికి రా" అంది. నేను ఆమెకు గుడ్డ ఏదీ ఇవ్వలేదు. మా అత్తకు ఆ సంగతి తట్టలేదు, పక్కామెతో పెళ్ళి కథ మళ్ళీ అందుకుంది.

లోపలి గదిలో ఒక మూల పాత చీరతో తెర కట్టి ఉంటుంది. కొలతలు తీసేది అక్కడే. మా వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు ఎవరి కంటా పడకుండా మాట్లాడుకోగలిగిన చోటు అదొక్కటే అని నాకు ఆ రోజు తెలిసింది. అత్తలూ రారు, మొగుళ్ళూ రారు. తెర వెనకకు పోగానే నేను గుసగుసగా, నీ ఫోనుకు ఏమన్నా మెసేజి వచ్చిందా అని అడిగాను. ఆమె ఫోను తీయలేదు.

"నువ్వు చెప్పేదాంక నాకేం తెల్దు పాపా," అంది.

నాకు ఏడుపు ఆగలేదు. శబ్దం బయటికి పోకుండా ఆమె నా తలను తన భుజానికి అదుముకుంది. తర్వాత చాలా మెల్లగా అన్నీ చెప్పింది. వీధిలో ఎవరి రిపోర్టు వచ్చినా ఆమె చదువుతుంది. ఆ మనిషి ఆడదైతే కొలతలని తెర వెనకకు పిలిచి చెబుతుంది. మగవాడైతే అతని పెళ్ళాన్ని పిలిచి చెబుతుంది. ఈ మధ్య అందరికీ వాళ్ళ ఫోన్లకే వస్తున్నాయని తెలిశాక చెప్పడం మానేసింది. కానీ ఆమెకు రావడం ఆగలేదు. వేరే ఎవరికీ చెప్పలేదు, చివరికి తన భర్తకు కూడా. కొత్తలో గవర్నమెంటువాళ్ళు వీధికొక వాలంటీరును పెట్టినట్టు, ల్యాబువాళ్ళు ఈ వీధికి తనను పెట్టారేమోననుకుందట.

"ఎవురో నన్ను నమ్మి పెట్టినారు గదా, మాట పొక్కితే ఆ నమ్మకం యాడికి పోవాల?" అంది.

మా కంపెనీలో ఎవరో కట్టడం మరిచిన మడవను ఆమె ఇన్నేళ్ళూ తనకు అప్పజెప్పిన బాధ్యత అనుకుంది. నేను నిజం చెప్పలేకపోయాను. అది పొరపాటమ్మా, నిన్నెవరూ పెట్టలేదు అని ఏ నోటితో చెప్పను?

నా రెండోసారి సంగతి కూడా ఆమెకే ముందు తెలిసిందట. నిలవలేదని చెప్పే రిపోర్టు ఆమె ఫోనుకు వచ్చేసరికి నేనింకా రిపోర్టు తెచ్చుకోవడానికి ల్యాబుకు పోలేదు. చెప్పడానికి మా ఇంటికి వచ్చింది. నన్ను చూశాక నోరు రాలేదు. అప్పుడు నాకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. ఆమె ఏ పనీ లేకుండా వచ్చి మా అత్తతో కూర్చుని, చీకటి పడేదాకా వెల్లుల్లి పొట్టు తీసింది. నాకు నడుము నొప్పిగా ఉండి, ఈమె ఎప్పుడు లేస్తుందిరా దేవుడా అనుకున్నాను. ఆమె లేవలేక కూర్చుందని నాకేం తెలుసు?

"ఒగ మాట అడగతా," అంది చివరికి. "ఇవి నాకు రాకుండ చేసేదానికి అయితాదా? మొయ్యలేకుండా ఉండా పాపా. ఒగాయనకు పెద్ద జబ్బని ఆయనకంటే ముందు నాకు తెలిశ. ఆయన బిడ్డ పెండ్లికి గుడ్డలు నేనే కుడితి. నగుతా కుట్టాల గదా."

అయ్యేటట్టు చేస్తానని మాట ఇచ్చాను. అప్పటిదాకా అది సార్ చెప్పిన పని. ఆ రోజు నుంచి నా పని అయింది. బయటికి వస్తుంటే చిన్నత్త గట్టిగా, మా అత్తకు వినపడేటట్టు, చేతులు కొంచెం వదులు పెడతానులే అంది. మా అత్త నా చేతుల వైపు చూసి, నేను చిక్కిపోయానని, కూర్చుని కూర్చుని ఆకలి చచ్చిపోయిందని మొదలుపెట్టింది.

ఇంటికి వచ్చి ఇంక ఊరికే తీసేయడం మానేసి, అది తిరిగి ఎట్లా వస్తోందో పట్టుకుందామని కూర్చున్నాను. క్లౌడ్‌లో ఎవరు ఏం చేసినా దానికీ ఒక లాగు ఉంటుంది. ఈ ఏర్పాటును మళ్ళీమళ్ళీ పెడుతున్నది ఎవరని అందులో వెతికితే ఒక పేరు వచ్చింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాను. అది నా పేరే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. కడప పిల్లాడి చేత అనవసరంగా వాళ్ళమ్మ మీద ఒట్టు పెట్టించాను.

సంగతి ఏమిటంటే, సాఫ్ట్‌వేరు కొత్తది పెట్టిన ప్రతిసారీ మేము చేత్తో ఏదీ అమర్చం. ఒక స్క్రిప్టు ఉంటుంది. సర్వరు ఎట్లా ఉండాలి, లాగులు ఎక్కడ పడాలి, ఎటు పోవాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. దాన్ని నడిపితే అందులో ఏది ఉంటే అది మళ్ళీ పుట్టుకొస్తుంది. నడిచేది నా పేరు మీద. ఎప్పుడో మానేసి వెళ్ళిపోయిన మనిషి ఒకాయన లాగులను పాత కంపెనీకి పంపమని అందులో ఒక ముక్క రాసిపెట్టాడు. నేను పైన ఎన్నిసార్లు మట్టి వేసినా, కొత్తది పెట్టిన ప్రతిసారీ నా చేతులతో నేనే మడవ తెరుస్తున్నాను. ఆ ముక్క తీసేశాను. నా ఒక్కదాని కళ్ళను నమ్మలేక కడప పిల్లాడి చేత కూడా చూపించి, క్షమాపణ చెప్పాను. వాడు నవ్వి, మా అమ్మ బాగానే ఉందిలే అక్కా అన్నాడు.

తర్వాత సాఫ్ట్‌వేరు మార్చినప్పుడు గుండె గుప్పిట్లో పెట్టుకుని చూశాను. రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. పాత కంపెనీవాళ్ళ దగ్గర మిగిలిన కాపీలన్నీ చెరిపేయమని సార్ వెంటపడి వెంటపడి చెరిపించాడు. ల్యాబులకన్నిటికీ జరిగింది జరిగినట్టు చెప్పాం, తిట్లు తిన్నాం. మైదుకూరు కిరాణా ఆయనకు సార్ స్వయంగా ఫోను చేస్తే, ఆయన అప్పటికి చల్లబడి, సంగటి తిన్నాక నడుము తేలికైందని, అదే తింటున్నానని చెప్పాడట. మా ఊరి ల్యాబుకు నేనే పోయి కుటుంబ పెద్ద గడిని తీసేశామని చెప్పాను. కౌంటరు పెద్దమనిషికి అది నచ్చలేదు. పెద్ద లేకుండా కుటుంబం ఎట్లా నడుస్తుందమ్మా అని అడిగాడు.

చిన్నత్తకు ఇంక రావని చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు. కొన్నాళ్ళు ఫోను మోగినప్పుడల్లా భయంగా చూసేది. తర్వాత తర్వాత ఆమె ముఖం తేటపడడం నేను గమనించాను. రైకల మోడళ్ళు, గ్యాసు బుకింగు, అంతే వస్తున్నాయట. వసారాలో ఎవరైనా ఆస్పత్రి మాట ఎత్తితే ఆమె కూడా మిగతావాళ్ళలాగే ఏమైంది, ఎట్లుంది అని అడగడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె ఎప్పుడూ అడిగేది కాదు. తెలిసినదాన్ని తెలియనట్టు అడగడం ఆమెకు చేతకాక తల దించుకుని కుట్టుకునేది. ఆమె గర్వమని కొందరు అనుకునేవాళ్ళు కూడా.

నన్ను మాత్రం ఆమె ఒక్కసారి కూడా ఎట్లుందని అడగలేదు. కళ్ళతో కూడా అడగలేదు. మా అత్త ముందు నేను చింతకాయ పచ్చడి ఎక్కువ వేసుకున్నా, వసారాలో ఎవరైనా నా వైపు చూసి అదో రకంగా నవ్వినా, ఆమె మాట మార్చేసేది. ఆ రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. ప్రతి పొద్దునా లేచి, ఇంకా ఉంది అనుకునేదాన్ని. అంతకుముందు రెండుసార్లూ పోయిన వారం దాటాక కూడా నమ్మకం కుదరలేదు. పనిలో కూర్చుంటే సర్వర్లన్నీ బాగానే ఉన్నాయని తెలిసేది. నా సంగతి చెప్పే లాగు ఏదీ లేదు కదా.

మూడో నెల నిండాక నంద్యాలలో స్కానింగుకు పోయాను. మా ఆయనకు ఆ రోజు సెలవు దొరకలేదు, మా అత్తకు కంపెనీ పని అని చెప్పాను. డాక్టరమ్మ తెర నా వైపు తిప్పి గుండె కొట్టుకోవడం చూపించింది. చూపించి, అంతా బాగుంది, ఇంక భయం పెట్టుకోకు అంది. ఆ మాట రాసిన కాగితం చేతిలో పట్టుకుని బస్సెక్కాను. దారి పొడుగునా అటూఇటూ తెల్లటి బండల గుట్టలు, వాటి మీద ఎండ. అన్నీ బాగున్నట్టే అనిపించాయి. ఆ స్కానింగు సెంటరు మా సాఫ్ట్‌వేరు వాడదు. ఈ సంగతి ఎవరి ఫోనుకూ పోలేదు.

బస్సు దిగి వీధిలోకి వస్తే ముందు తగిలేది చిన్నత్త ఇల్లే. అప్పుడింకా మధ్యాహ్నం కాలేదు, వసారాలో ఎవరూ లేరు. ఆమె ఒక్కతే మా అత్త రైకకు చేతులు అతుకుతూ ఉంది. నన్ను చూసి తల ఎత్తి, ఎండలో యాడికి పోయొస్తాండావు, నీళ్ళు తాగుతావా అని అడిగింది. ఎప్పటి మాదిరిగానే ఏమీ తెలియనట్టు అడుగుతోందనుకున్నాను. కానీ ఈసారి ఆమెకు నిజంగానే తెలియదు.

మిషను పక్కన నేల మీద కూర్చుని చెప్పాను. మూడో నెల నిండింది, గుండె కొట్టుకోవడం చూశాను, డాక్టరమ్మ బాగుందని చెప్పింది అని. ఆమె చేయి మిషను చక్రం మీదే ఉండిపోయింది.

"మీ అత్తకు చెప్పినావా?"

"ఇంకా లేదు. నీకే ముందు."

చేతిలో ఉన్న మా అత్త రైకతోనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా గడ్డం పట్టుకుని, నేను చెప్పింది ఇంకోసారి చెప్పమంది. చెప్పాను.

"ఈ వీధిలో ఎవురికి బిడ్డ నిలిచినా, ఎవురికి జబ్బొచ్చినా ఇన్నేండ్లు నాకు ఫోనే చెప్పె," అంది. "మనిషొచ్చి చెప్పడం ఇదే మొదలు పాపా."